వంద కోట్ల కెమెరా వెనుక ఓ మెకానిక్

2022 జూన్‌లో జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణంలో ఓ పాత కెమెరాను వేలం వేశారు. చేతిలో ఇమిడిపోయేంత చిన్నది. పైన చెక్కిన నంబరు 105. కమీషన్‌తో కలిపి అది కోటీ 44 లక్షల యూరోలకు అమ్ముడైంది. మన రూపాయల్లో వంద కోట్ల పైమాటే. అప్పటిదాకా ప్రపంచంలో ఏ కెమెరాకూ అంత ధర పలకలేదు. అంత పలకడానికి కారణం వ్యూఫైండర్ మీద చెక్కి ఉన్న ఓ పేరు. ఆస్కార్ బర్నాక్.

ఇంచుమించు ఇదే పోలికతో ఉండే మరో పాత కెమెరా ఆన్‌లైన్‌లో కొన్ని వేల రూపాయలకే దొరుకుతుంది. దానిమీద కూడా లైకా అనే రాసి ఉండొచ్చు. అటక మీద తాతగారి పెట్టెలోనో, ఆదివారం సంతలోనో ఇలాంటిది మీ చేతికొస్తే అది ఏ రకమో ఎలా తెలుస్తుంది? ధరల పట్టికలు వెతికే ముందు బర్నాక్ జీవితం కాస్త తెలుసుకోవాలి. ఆయన ఏ సంవత్సరంలో ఏ చిక్కు విప్పారో ఆ కెమెరాల ఒంటి మీదే కనిపిస్తుంది. చూడ్డం తెలిస్తే చాలు.

చేతిపనితో మొదలు

బర్నాక్ 1879 నవంబరు 1న బెర్లిన్‌కు దక్షిణాన లీనో అనే పల్లెలో పుట్టారు. కాలేజీ గడప తొక్కలేదు. బెర్లిన్ పక్కన లిష్టర్‌ఫెల్డెలో ఖగోళ పరికరాలు చేసే ఓ వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరి ఫైన్ మెకానిక్ పని నేర్చుకున్నారు. మన లెక్కలో ఐటీఐ ఫిట్టర్ అనుకోండి. కాకపోతే అక్కడ ఫిట్ చేసేవి వెంట్రుకవాసి తేడాను కూడా ఒప్పుకోని భాగాలు. పని నేర్చిన కుర్రాళ్లు ఊరూరా తిరిగి వేర్వేరు మేస్త్రీల దగ్గర చేయి తిప్పుకోవడం అప్పట్లో జర్మనీలో ఆనవాయితీ. బర్నాక్ కూడా అలా వియన్నా దాకా తిరిగొచ్చారు. 1902లో యేనా పట్టణంలోని కార్ల్ జైస్ కంపెనీలో చేరారు. లెన్సుల తయారీలో అప్పటికే దానిది పెద్ద పేరు.

ఆయన సరదా ఫొటోలు తీయడం. ఆయన జబ్బు ఉబ్బసం. ఈ రెండిటికీ పొసగలేదు. అప్పటి కెమెరా అంటే 13 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల పొడవుండే గాజు పలకలు, వాటిని పెట్టే చెక్క హోల్డర్లు, పెద్ద పెట్టె, మూడు కాళ్ల స్టాండు. సెలవురోజున వీటన్నిటినీ భుజాన వేసుకుని తురింజియా అడవి కొండలెక్కితే మామూలు మనిషికే ఆయాసమొస్తుంది. ఉబ్బసం ఉన్నవాడి సంగతి చెప్పక్కర్లేదు.

1905 ప్రాంతంలో ఆయనకు ఓ ఆలోచన వచ్చింది. ఒకే గాజు పలక మీద చిన్నచిన్న ఫొటోలు చాలా తీసి, తర్వాత పెద్దవి చేసుకుంటే బరువు తగ్గుతుంది కదా అని. చేసి చూశారు. పెద్దవి చేస్తే ఫొటో అంతా రవ్వరవ్వగా వచ్చింది. ఆ పలకల మీద పూత అంత ముతకగా ఉండేది. ఆలోచన బాగానే ఉంది, దానికి తగ్గ వస్తువే ఇంకా పుట్టలేదు. ఆయన ఆ ఆలోచనను పక్కన పెట్టారు గానీ పారేయలేదు.

సినిమా రీలు తెచ్చిన మలుపు

1910లో జైస్‌లో తనతో పనిచేసిన ఎమిల్ మెషావు అనే మిత్రుడు వెట్జ్‌లార్‌లోని ఎర్నెస్ట్ లైట్జ్ కంపెనీకి మారారు. అది మైక్రోస్కోపుల కంపెనీ. బర్నాక్ పేరు అక్కడ చెప్పింది ఆయనే. ఈ రోజుల్లో రిఫరల్ అంటున్నాం కదా, అదే. ఆరోగ్యం సంగతి తలుచుకుని బర్నాక్ వెనకాముందాడారు. చివరికి 1911 జనవరి 2న లైట్జ్‌లో ప్రయోగాల విభాగం బాధ్యత తీసుకున్నారు.

అక్కడ ఆయన చేపట్టిన పనుల్లో సినిమా కెమెరా ఒకటి. అప్పటి సినిమా ఫిలింతో ఓ తలనొప్పి ఉండేది. ఒక రీలుకూ మరో రీలుకూ వెలుతురును పట్టే గుణం ఒకేలా ఉండేది కాదు. రీలంతా తీసి కడిగాక గానీ పాడైందో బాగుందో తెలిసేది కాదు. ముందే చిన్న ముక్క మీద పరీక్షించుకోవడానికి ఓ బుల్లి పరికరం చేశారని, లైకాకు బీజం అదేనని కొందరంటారు. ఉబ్బసం వల్ల తేలిక కెమెరా కోసమే చేశారని మరికొందరంటారు. నన్నడిగితే రెండూ కలిసే ఉంటాయి. పగలు చేతిలో ఉన్న సినిమా ఫిలిం, ఎప్పటినుంచో మనసులో ఉన్న చిన్న కెమెరా ఒకే మనిషి బల్ల మీద కలిశాయి.

సినిమా ఫిలిం మీద ఒక్కో బొమ్మ 18 మిల్లీమీటర్లు, 24 మిల్లీమీటర్లు. ఫొటోకు అది మరీ చిన్నది. ఫిలింను కెమెరాలో అడ్డంగా నడిపించి, రెండు బొమ్మల చోటు ఒక్క ఫొటోకు ఇచ్చేశారు బర్నాక్. అలా వచ్చిందే 24, 36 మిల్లీమీటర్ల కొలత. ఇప్పుడు లక్షలు పోసి కొనే డిజిటల్ కెమెరాల్లో ఫుల్ ఫ్రేమ్ అంటున్నది అక్షరాలా ఈ కొలతనే.

మొదటి నమూనా 1913, 14 ప్రాంతంలో తయారైంది. లోహపు ఒళ్లు, లోపలికి నెట్టేస్తే జేబులో పట్టే లెన్సు. మీట తిప్పితే ఫిలిం ముందుకు జరగడం, షట్టర్ బిగుసుకోవడం ఒకేసారి అయ్యేవి. ఒకే చోట రెండు ఫొటోలు పడిపోయే పొరపాటు దాంతో తప్పింది. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ వాడేవాడి తడబాటు ముందే ఊహించి పరికరంలోనే దానికి మందు పెట్టడం ఇది. దాంతో 1914లో వెట్జ్‌లార్‌లోని ఐజెన్‌మార్క్ట్ కూడలిని ఫొటో తీశారు. 1920లో ఊరిని వరద ముంచితే వీధుల్లో నీళ్లను తీశారు. స్టాండు లేకుండా, జనం మధ్య నడుస్తూ.

ఈ మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పోయింది. కెమెరా బీరువాలోనే ఉండిపోయింది. పదేళ్లు!

జూన్ నెల నిర్ణయం

యుద్ధం తర్వాత జర్మనీ దివాలా తీసింది. 1923లో రొట్టె ముక్కకు సంచెడు నోట్లు మోసుకెళ్లాల్సిన పరిస్థితి. సరిగ్గా ఆ ఏడాదే లైట్జ్ కంపెనీ ఈ కెమెరాను ఇరవై పైచిలుకు సంఖ్యలో చేసి, ఫొటోగ్రాఫర్లకూ తెలిసినవాళ్లకూ ఇచ్చి అభిప్రాయం అడిగింది. వీటినే జీరో సిరీస్ అంటారు. బర్నాక్ సొంతానికి వాడుకున్న 105వ నంబరు వీటిలోదే. వచ్చిన అభిప్రాయాలు ఏమంత గొప్పగా లేవు. బాగుందన్నవాళ్లున్నారు, బొమ్మలాంటి కెమెరా అని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు.

కంపెనీ లోపల కూడా చాలామంది వద్దన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మైక్రోస్కోపులు చేసుకునే సంస్థ, చేతిలో డబ్బు ఆడని కాలం, ముక్కూమొహం తెలియని కొత్త సరుకు. దీనికి ఫిలిం వేరు, పెద్దవి చేసే పరికరం వేరు, అన్నీ కొత్తగా అలవాటు చేయాలి. 1924 జూన్‌లో గంటల తరబడి చర్చ జరిగాక రెండో ఎర్నెస్ట్ లైట్జ్ తయారీకే మొగ్గు చూపారు. తప్పయితే మునిగేది ఆయన సొమ్ము. మాంద్యంలో కార్మికులకు పని దొరుకుతుందన్న ఆలోచన కూడా ఆయనకు ఉంది. ఆ మధ్యాహ్నం ఆయన తల అడ్డంగా ఊపి ఉంటే బర్నాక్ పేరు ఓ ఫ్యాక్టరీ రిజిస్టరులో మిగిలిపోయేది.

1925 వసంతంలో లైప్‌జిగ్ సంతలో కెమెరాను జనం ముందు పెట్టారు. లైట్జ్ కెమెరా అన్న మాటల్లోంచే లైకా పేరు వచ్చింది. లెన్సు లెక్క కట్టింది అదే కంపెనీలోని మాక్స్ బెరెక్. మొదట దాన్ని అనాస్టిగ్మాట్ అన్నారు. కొద్ది నెలల్లోనే ఎల్మాక్స్ అయింది, ఎర్నెస్ట్ లైట్జ్ పేరుకు మాక్స్ కలిపి. ఆ తర్వాత తయారీ తేలికయ్యేలా అయిదు గాజుల బదులు నాలుగింటితో ఎల్మార్ వచ్చింది.

ఇక్కడ ఆగి చూడండి. మీ చేతిలో ఉన్న తొలి లైకా లెన్సు చుట్టూ ఎల్మార్ అని ఉంటే మంచి పాత కెమెరా. ఎల్మాక్స్ అని ఉంటే అరుదు. అనాస్టిగ్మాట్ అని ఉంటే దాన్ని బ్యాగులో పడేసి బస్సెక్కకండి. ఎందుకంటే ఆ పేరుతో వచ్చినవి బహు తక్కువ. కొన్ని నెలల తేడా, ధరలో ఎన్నో రెట్ల తేడా. జీరో సిరీస్ అయితే ఇంకో గుర్తుంది. వాటిలో షట్టర్ బిగించేటప్పుడు ఫిలిం మీద వెలుతురు పడకుండా లెన్సుకు మూత పెట్టాల్సి వచ్చేది. ఆ మూత పోకుండా దారంతో కట్టి ఉండేది. 1925 మోడల్‌లో ఆ అవసరం లేకుండా చేశారు. అన్నట్టు, 2000లో లైకా కంపెనీయే జీరో సిరీస్‌ను మళ్లీ చేసి అమ్మింది. దారం, మూత కనబడగానే గంతులేయనక్కర్లేదు.

రెండు కిటికీలు, ఓ బుల్లి చక్రం

తొలి లైకాకు పెద్ద లోటు ఒకటుంది. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో ఫొటో తీసేవాడే ఊహించి లెన్సు మీద ఆ అంకె పెట్టాలి. లేదా దూరం కొలిచే పుల్లలాంటి పరికరాన్ని కెమెరా నెత్తిన తగిలించి, అందులో చూసి, ఆ అంకెను మళ్లీ లెన్సు మీద తిప్పాలి. ఈలోగా ఎదుటివాడు వెళ్లిపోతాడు.

1932లో వచ్చిన లైకా 2లో ఈ తంతు పోయింది. కెమెరా ముందు రెండు చిన్న గుండ్రటి కిటికీలు పెట్టారు. ఒకే వస్తువు ఆ రెండింటిలోంచి రెండు బొమ్మలుగా కనిపిస్తుంది. మన రెండు కళ్ల మాదిరే. లెన్సు తిప్పుతుంటే ఆ బొమ్మలు దగ్గరకు జరుగుతాయి. ఒకదాని మీద ఒకటి కలిసిపోయాయంటే ఫోకస్ కుదిరినట్టే. రేంజ్‌ఫైండర్ అంటే ఇదే. లెన్సు తిరిగిన సంగతి కిటికీల వెనక ఉన్న అద్దానికి చేరవేసేది ఓ మీట. ఆ మీట చివర బుల్లి చక్రం ఉంటుంది. లెన్సు వెనక అంచు దాన్ని ముందుకూ వెనక్కూ నెడుతుంది.

దీనికి ముందు రెండేళ్ల పని ఉంది. 1930లో లెన్సు విప్పి వేరేది బిగించే వీలొచ్చింది. మొదట్లో ఒక్కో లెన్సును ఒక్కో కెమెరాకు విడిగా సరిచూసి ఇచ్చేవారు. ఒకదాని లెన్సు మరోదానికి సరిగ్గా కుదిరేది కాదు. 1931లో కొలతలు ఖాయం చేసి, లెన్సు బిగించే చోట సున్నా గుర్తు చెక్కారు. ఆ సున్నా ఉంటే ఏ లెన్సయినా పడుతుంది. లేకపోతే అది ఆ ఏడాదికి ముందుదై ఉండొచ్చు. చూశారా, ఓ సున్నాకు ఎంత కథో!

అదే 1932లో జైస్ ఐకాన్ కాంటాక్స్‌తో పోటీకి దిగింది. బర్నాక్ ఎనిమిదేళ్లు పనిచేసిన జైస్ కుటుంబానికి చెందినదే అది. కాగితం మీద చూస్తే కాంటాక్స్‌దే పైచేయి. అయినా రిపేరుకు లొంగేది, ఏళ్ల తరబడి మొరాయించనిది లైకాయే అని నా అభిప్రాయం. భాగాలు తక్కువ, లెక్క సూటి.

పేరున్న సరుక్కి కాపీలు తప్పవు. ఖార్కివ్‌లో అనాథ, నేరస్త బాలల కోసం నడిచిన కమ్యూన్‌లో 1934 నుంచి లైకా 2ను చూసి కెమెరాలు చేశారు. వాటి పేరు ఫెడ్. ఆ పిల్లల బాగు చూసిన మకరెంకో విద్యావేత్తగా మనకు తెలిసిన పేరే. కెమెరా తయారు చేయడం ఆ కుర్రాళ్లకు చదువు, ఉపాధి రెండూ. యుద్ధం తర్వాత 1948 నుంచి జోర్కీ అనే మరో రష్యన్ కెమెరా అదే పోలికతో వచ్చింది. ఇవి మోసాలు కావు, సొంత పేరుతో అమ్మిన కెమెరాలు. మోసం తర్వాత మొదలైంది. ఎవరో వీటి పేరు చెరిపి లైకా అని చెక్కారు. బంగారు రంగు పూశారు. ఒలింపిక్ వలయాలు, స్వస్తిక్ గుర్తు, సైన్యం ముద్రలు వేశారు. హిట్లర్ కాలంలో యూదు ఉద్యోగులను దేశం దాటించి కాపాడిన యజమాని కెమెరా మీద ఆ గుర్తు చెక్కి అమ్మడం ఎంత విడ్డూరమో చూడండి.

పట్టుకోవడం ఎలా? లెన్సు మర తిప్పి బయటకు తీయండి. లోపల పై భాగాన రేంజ్‌ఫైండర్ మీట చివర చూడండి. బర్నాక్ పెట్టిన గుండ్రటి బుల్లి చక్రం ఉంటే అసలుదయ్యే అవకాశం ఎక్కువ. చక్రం లేకుండా నాలుకలా ఏటవాలుగా ఉన్న లోహపు ముక్క ఉంటే అది ఫెడ్ లేదా జోర్కీ. పైన ఏం రాసున్నా సరే. మోసగాడు పై పేరు మారుస్తాడు గానీ లోపలి మీట మార్చే ఓపిక చేయడు. బంగారు రంగు విషయంలో ఇంకో కిటుకుంది. 1929 నుంచి నిజంగానే బంగారు పూత లైకాలు వంద లోపు చేశారు. అవి తొలి మోడల్ మీద చేసినవి, అంటే వాటికి రేంజ్‌ఫైండర్ కిటికీలు ఉండవు. బంగారు రంగూ కిటికీలూ రెండూ కనిపిస్తే నూటికి తొంభై తొమ్మిది పాళ్లు అనుమానించాలి.

నంబరు ఒకటి, ఒళ్లు ఇంకొకటి

అసలుదే అని తేలాక కూడా ఓ చిక్కుంది. లైట్జ్ కంపెనీ పాత కెమెరాను వెనక్కి తీసుకుని కొత్త మోడల్‌గా మార్చి ఇచ్చేది. 1927లో కొన్నవాడు అయిదారేళ్ల తర్వాత పంపిస్తే రేంజ్‌ఫైండర్ పెట్టి పంపేవారు. నంబరు మాత్రం పాతదే ఉంచేవారు. అందువల్ల నంబరు చూస్తే లైకా 1, ఒళ్లు చూస్తే లైకా 3 అయిన కెమెరాలు చాలా ఉన్నాయి. ఇవి నకిలీలు కావు. ఫొటోలు తీసుకోవడానికి భేషుగ్గా ఉంటాయి. సేకరించేవాళ్లు మాత్రం పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉన్నదానికే ఎక్కువ ఇస్తారు. సీరియల్ నంబరు ఒక్కటే చూసి ధర కట్టకూడదన్నది అందుకే.

ఇక స్థితి. మెరుగు పెడితే విలువ పెరుగుతుందని మనవాళ్లు నల్ల రంగు కొట్టించేస్తుంటారు. ఇక్కడ అది తలకిందులు. వాడకం వల్ల అరిగి ఇత్తడి తేలిన అసలు పెయింటే కావాలి, కొత్త రంగు వేస్తే ధర పడిపోతుంది. షట్టర్ తెరలు రబ్బరు పూసిన గుడ్డతో చేసినవి. లెన్సు తీసి మొబైల్ టార్చి వేసి చూస్తే చిన్న బెజ్జాలు చుక్కల్లా మెరుస్తాయి. ఆ తెరలు మార్పించాలి. లెన్సు లోపల సాలెగూడులాంటి గీతలుంటే బూజు పట్టినట్టు. తేమ ఎక్కువుండే మన కోస్తా ఊళ్లలో ఇది మామూలే. తోలు పెట్టెలో ఏళ్ల తరబడి మూసి ఉంచితే ఇంకా ముదురుతుంది.

మామూలు లైకా 2, 3 మోడళ్లు వేల సంఖ్యలో తయారయ్యాయి. బాగా పనిచేసేదానికి విదేశాల్లో కొన్ని వందల యూరోలు వస్తాయి, అంతే. కోట్లు పలికేవి వేళ్ల మీద లెక్కించేన్ని. అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ఆన్‌లైన్‌లో ఎవరో లక్షలు అడిగారని మీదానికీ అంతే వస్తుందనుకోకండి. వేలాల్లో నిజంగా ఏ రేటుకు పోయిందో చూసుకోవాలి. ఇలా చూసి చెప్పడమే కొందరికి ఉద్యోగం. వియన్నా, వెట్జ్‌లార్ వేలం సంస్థల్లో కెమెరా విప్పి, మీటలు, మరలు, నంబర్లు సరిచూసే నిపుణులుంటారు. పాత ఫిలిం కెమెరాలు బాగుచేసే చేతులు మన నగరాల్లో రోజురోజుకూ తగ్గిపోతున్నాయి. అడిగేవాళ్లు మాత్రం కుర్రకారులోనే మళ్లీ కనబడుతున్నారు.

చివరి మూడేళ్లు

బర్నాక్ మాత్రం బల్ల దగ్గరే ఉన్నారు. 1933లో లైకా 3కి ముందువైపు మరో చిన్న చక్రం చేరింది. సెకనులో ఇరవయ్యో వంతు కన్నా నెమ్మదిగా తెరుచుకునే వేగాలకు అది. పట్టీ తగిలించుకునే కొక్కేలూ అప్పుడే వచ్చాయి. 1935లో సెకనులో వెయ్యో వంతు వేగంతో 3ఏ వచ్చింది. కాబట్టి ముందు చక్రం లేకపోతే 2, ఉంటే 3, షట్టర్ చక్రం మీద 1000 ఉంటే 3ఏ లేదా ఆ తర్వాతది. ఇంతే లెక్క. 1940లో 3సీ నాటికి లోపలి చట్రమే మారిపోయింది. మర తిప్పే లెన్సు పోయి కొత్త రకం బిగింపుతో ఎం3 వచ్చింది 1954లో. అది బర్నాక్ చూడలేదు. మర లెన్సుల కాలం నాటి కెమెరాలను సేకరించేవాళ్లు ఇప్పటికీ బర్నాక్ లైకాలనే పిలుస్తారు.

1936 జనవరి 16న బాడ్ నౌహైమ్‌లో ఆయన పోయారు. వయసు 56. ఫొటో జర్నలిజం అనే వృత్తి ఆయన కెమెరా పట్టుకుని అప్పుడప్పుడే వీధుల్లోకొస్తోంది. ఆయన నూరో పుట్టినరోజు గుర్తుగా 1979లో ఫొటోగ్రాఫర్లకు ఆయన పేరిట అవార్డు పెట్టారు.

105వ నంబరు కెమెరాను ఆయన కొన్నేళ్లు వాడి, కొత్త మోడళ్ల మార్పులకు దాన్నే పరీక్షగా పెట్టుకుని, 1930లో కొడుకు కాన్రాడ్‌కు ఇచ్చేశారు. 1960లో అమెరికాకు చెందిన ఓ సేకర్త కొనేదాకా అది ఆ ఇంట్లోనే ఉంది. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి సేకర్తకు, అక్కడినుంచి వెట్జ్‌లార్ వేలానికి. ఎక్కడా గొలుసు తెగలేదు. వేలం వేసినవాళ్లు ముందు సరిచూసింది పెయింటునూ లెన్సునూ ఒక్కటే కాదు, ఈ వరసను కూడా.